జానెడు దూరంలో

2015 మే 3, ఆదివారం. పొద్దున తొమ్మిది దాటింది. మాదాపూర్‌లో ఒక స్నేహితుడి ఫ్లాట్‌లో ఏడుగురం. పార్సిల్ తెప్పించిన ఇడ్లీలు, చల్లారిపోయిన సాంబారు, ఎలాగోలా సంపాదించిన ఒక స్ట్రీమ్. లాస్ వేగస్‌లో ఇంకా శనివారం రాత్రే. మేవెదర్, పకియావ్. ఏళ్ళ తరబడి లోకమంతా ఎదురుచూసిన పోటీ. పన్నెండు రౌండ్లు అయిపోయాయి, ముగ్గురు జడ్జీలూ మేవెదర్‌కే ఇచ్చారు: 118-110, 116-112, 116-112. గదిలో ఆరుగురు తిట్టడం మొదలుపెట్టారు. వాళ్ళలో ఒకడు, ఇంజనీరింగ్‌లో నాలుగేళ్ళు నా రూమ్మేటు, రిమోట్ సోఫా మీదకి విసిరేసి అన్నమాట నాకింకా గుర్తుంది.

"బాక్సింగ్ ఆడలేదురా వాడు. పారిపోయి గెలిచాడు."

ఆరోజు పెద్దగా వాదించలేకపోయాను. లెక్కలు తరవాత చూశాను. పకియావ్ విసిరిన 429 గుద్దుల్లో తగిలినవి 81. మేవెదర్ 435 విసిరి 148 తగిలించాడు. అంటే పారిపోయినవాడు వెంటపడ్డవాడికంటే ఆరు గుద్దులు ఎక్కువే విసిరాడు. ఈ లెక్క మావాడికి వాట్సాప్‌లో పంపిస్తే కోతి బొమ్మ ఒకటి పెట్టి ఊరుకున్నాడు. లెక్కలు చెప్తే మనసులు మారతాయనుకోవడం మా ఇంజనీర్లకున్న జబ్బు.

అందుకని ఆ పోటీ గురించి ఇంక మాట్లాడను. కాళ్ళ మీద ఆధారపడి తప్పించుకునేవాణ్ణి సమర్థిస్తూ ఇప్పటికే చాలామంది రాశారు. నా గొడవ దానికి తిరగేసినది. గుద్దులు తినకుండా ఉండటమే వృత్తిగా పెట్టుకున్న బాక్సర్ ఒకడు, కావాలని ఎదుటివాడి ఛాతీకి నుదురు ఆనించి నిలబడతాడు. ఎందుకు?

ఈ ప్రశ్నకి కామెంటరీ చెప్పేవాళ్ళ దగ్గరా ఫ్యాన్స్ దగ్గరా రెండే జవాబులు ఉంటాయి. ఒకటి, "చివరికి మగాడిలా నిలబడ్డాడు". రెండు, "పాపం, కాళ్ళు అయిపోయాయి". మెచ్చుకున్నా జాలిపడ్డా రెండిటి వెనకా ఉన్న నమ్మకం ఒకటే: కాచుకోవడం అంటే దూరంగా ఉండటం. దగ్గరికి వచ్చాడంటే కాచుకోవడం మానేశాడని. ఈ నమ్మకం తప్పు. తప్పు మాత్రమే అయితే ఇంత రాసేవాణ్ణి కాదు. దీనివల్ల మనుషులు పాడైపోయారు.

మన దగ్గర ఈ నమ్మకాన్ని బలంగా నాటింది సినిమా. 2021లో 'సార్పట్ట' చూసినవాళ్ళెవరూ డాన్సింగ్ రోజ్‌ని మరిచిపోరు. నేనూ మరిచిపోలేదు, ఆ సీన్ పదిసార్లయినా చూసుంటాను. తూగుతూ, గెంతుతూ, అందీ అందకుండా ఆ పాత్ర చేసిన షబీర్ కల్లరక్కల్‌కి చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చు. కానీ ఆ సినిమా వచ్చిన దగ్గర్నించీ "డిఫెన్స్" అనగానే మా ఆఫీసు కుర్రాళ్ళ బుర్రల్లో ఆ గెంతులే మెదులుతున్నాయి. కాచుకునేవాడు నాట్యం చేస్తాడు, కొట్టేవాడు నడిచొస్తాడు. సినిమాకి ఈ విభజన కావాలి, కెమెరాకి కదలిక కావాలి కాబట్టి. ఇద్దరు మనుషులు ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు తల ఆనించి, మోచేతులతో సణుక్కుంటున్నట్టు తోసుకుంటుంటే తెర మీద ఏం కనపడుతుంది? ఏమీ కనపడదు. అక్కడ జరిగేదంతా జానెడు దూరంలో జరుగుతుంది.

ముందు గుద్దు అంటే ఏమిటో చూద్దాం. భుజం దగ్గర బయల్దేరిన పిడికిలి దారిపొడుగునా వేగం పుంజుకుంటుంది. చెయ్యి దాదాపు పూర్తిగా చాచుకునే ముందు వేగం గరిష్ఠం. అది దాటాక ఆ చేతికి ఇంక అందేది లేదు. అంటే కొట్టేవాడి ముందు మూడు ప్రదేశాలున్నాయి. చెయ్యి అందని దూరం: క్షేమం. గుద్దు పండే చోటు: ప్రమాదం. గుద్దు ఇంకా పుట్టని చోటు, అంటే వాడి మోచెయ్యి ఇంకా వంగే ఉన్న దగ్గర: మళ్ళీ క్షేమమే, లేదా కనీసం ప్రమాదం తక్కువ. క్షేమం ఒకవైపే ఉందనుకునేవాడు ఈ మూడోదాన్ని మరిచిపోతున్నాడు. నడిరోడ్డు ప్రమాదం అనుకుంటే ఇటు ఫుట్‌పాత్ ఉన్నట్టే అటు కూడా ఉంటుంది కదా.

క్రికెట్ చూసేవాళ్ళకి ఈ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. స్పిన్ ఆడేటప్పుడు బంతి పడే చోటుకి అడుగు వేసి తిరక్కముందే చంపాలి, లేదంటే పూర్తిగా వెనక్కి వెళ్ళి తిరిగాక ఆడాలి. మధ్యలో ఇరుక్కున్నవాడు అవుట్. 2001 కోల్‌కతాలో వార్న్ బౌలింగ్‌కి క్రీజు దాటి వచ్చి మన లక్ష్మణ్ కొట్టిన 281 అందరికీ గుర్తే. ద్రావిడ్ ముందుకాలు చాచి బంతి మీదకి వంగి ఆడిన డిఫెన్స్ కూడా గుర్తుండాలి. ద్రావిడ్ ముందుకి వెళ్ళేది బౌలర్ మీద కోపంతో కాదు, ధైర్యం చూపించడానికీ కాదు. ప్రమాదం పెద్దదయ్యే లోపల దాని దగ్గరికి వెళ్ళిపోవడానికి. ద్రావిడ్ ముందుకాలు వేస్తే టెక్నిక్ అంటాం. బాక్సర్ అదే పని చేస్తే తెగించాడంటాం.

మరి దూరంగా ఉండటం కూడా క్షేమమే అయినప్పుడు దగ్గరికే ఎందుకు? ఎందుకంటే దూరానికి అద్దె కట్టాలి, కాళ్ళతో. ప్రొఫెషనల్ రింగ్ ఒక్కో వైపు 16 నుంచి 24 అడుగులు. ఎదుటివాడు ఒక అడుగు ముందుకేస్తే నువ్వు రెండు పక్కకి వెయ్యాలి. పన్నెండు రౌండ్లు, రౌండుకి మూడు నిమిషాలు. ఇరవై రెండేళ్ళప్పుడు ఆ అద్దె తెలియదు. ముప్పై దాటాక ఎనిమిదో రౌండులో తెలుస్తుంది. పైగా దూరం ఎవరిది? చేతులు పొడుగున్నవాడిది. నీ చెయ్యి పొట్టిదైతే దూరంగా ఉండటం కాచుకోవడం కాదు, వాడి తుపాకీకి సరిగ్గా సరిపోయే దూరంలో నిలబడటం.

ఇది నేను పుస్తకంలో చదివి నేర్చుకున్నది కాదు. ముప్పై ఒకటో ఏట, డాక్టరు నా షుగర్ రిపోర్టు చూసి కళ్ళజోడు సవరించుకున్నాక, ఒక సెల్లార్‌లో నడిచే జిమ్‌లో చేరాను. రెండేళ్ళు వెళ్ళాను. బాక్సర్‌నని చెప్పుకునేంత ఏమీ లేదు, నన్ను చూస్తే మీకే తెలుస్తుంది. అక్కడ నాతో స్పారింగ్ చేసేవాడు ఒక డిగ్రీ కుర్రాడు, నాకంటే అరడుగు పొడుగు. నేను తెలివిగలవాణ్ణి కదా, దూరంగా ఉండేవాణ్ణి. వాడి జాబ్ నా ముక్కు మీద పడేది. ఇంకా దూరం జరిగేవాణ్ణి. మళ్ళీ పడేది. మూడోవారం కోచ్ బెల్ కొట్టకముందే ఆపేశాడు.

"ఎందుకన్నా అంత దూరం పోతున్నవ్? ఆడ ఉంటే నీకే దెబ్బ. లోపలికి రా."

"లోపలికొస్తే ఇంకా కొడతాడు కదా మాస్టర్?"

"ఏంతోని కొడతడు? జాగ ఏడుంది?"

జాగా ఏడుంది. అంతే, మొత్తం సిద్ధాంతం ఆ రెండు మాటల్లో ఉంది. ఆ రోజు భయంభయంగా లోపలికి వెళ్ళి వాడి కాలరెముక దగ్గర నుదురు ఆనించాను. మొదట తెలిసింది వాడి ఊపిరి. తరవాత తెలిసింది ఇంకా ముఖ్యమైనది: వాడు కుడిచేత్తో కొట్టబోయే ముందు వాడి బరువు ఎటు మారుతోందో నా తలకి తెలుస్తోంది. చూడక్కర్లేదు. కంటితో చూసి మనిషి స్పందించడానికి సుమారు సెకనులో ఐదోవంతు పడుతుంది. మంచి జాబ్ ఆ లోపలే వచ్చేస్తుంది. అందుకే దూరంలో ఉన్నవాడు గుద్దుని చూసి తప్పించుకోడు, ఊహించి తప్పించుకుంటాడు. ఆనుకుని ఉన్నవాడికి ఊహతో పని తక్కువ. భుజం కదలగానే చర్మానికి కబురు అందుతుంది, స్పర్శ కంటికంటే కొంచెం తొందరగా పనిచేస్తుంది కూడా. మా వృత్తిలో ఇలాంటిదాన్నే లేటెన్సీ తగ్గించడం అంటాం, డేటా ఉన్న చోటికే ప్రాసెసింగ్ తీసుకెళ్ళడం. ఇందులో వీరత్వం ఏముంది?

ఆ రోజు దెబ్బలు తగల్లేదని అబద్ధం చెప్పను. తగిలాయి. పక్కటెముకల మీద రెండు, చెవి మీద ఒకటి. కానీ అవి తోపుల్లా తగిలాయి. ఇంటికి వెళ్ళాక ముక్కు నొప్పి లేదు.

ఇప్పుడు అసలు కథ. ఇద్దరు మనుషులు, ఒకే ప్రత్యర్థి.

మెల్డ్రిక్ టేలర్, పెర్నెల్ విటేకర్. ఇద్దరూ 1984 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో స్వర్ణాలు గెలిచారు. టేలర్‌కి అప్పటికి పదిహేడేళ్ళు. అదే ఏడాది నవంబరులో ఇద్దరూ న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఒకే రాత్రి ప్రొఫెషనల్‌గా మొదలుపెట్టారు. ఇద్దరి కార్నర్‌లోనూ ఉన్నది లూ దువా, జార్జ్ బెంటన్. బెంటన్ ఫిలడెల్ఫియా మనిషి, తను ఆడే రోజుల్లోనే కాచుకోవడంలో మేటి అని పేరున్నవాడు. అంటే ఒకే బడి, ఒకే గురువు. ఇద్దరికీ ఎదురుపడింది హూలియో సీజర్ చావెజ్, మెక్సికో దేవుడు. ఎడంచేతి హుక్‌తో లివర్ మీద కొట్టి మనుషుల్ని మోకాళ్ళ మీద కూర్చోబెట్టినవాడు.

1990 మార్చి 17, లాస్ వేగస్. టేలర్, చావెజ్. టేలర్ చేతులు ఎంత వేగమంటే స్లో మోషన్‌లో వేస్తేగానీ లెక్కపెట్టలేం. తగిలించిన గుద్దులు అతనివే ఎక్కువ. రౌండ్ల మీద రౌండ్లు గెలుచుకుంటూ పోయాడు. కానీ ఎక్కడ నిలబడి గెలిచాడు? చావెజ్ గుద్దు పండే చోట నిలబడి. దగ్గరే ఉన్నాడు, కానీ లోపల లేడు. అర అడుగు బయట. ఐదు కొట్టి ఒకటి తిన్నాడు, ఆ ఒకటి చావెజ్‌ది. చివరి రౌండ్ ముందు దువా ఈ రౌండ్ కావాలని చెప్పి పంపాడు. ఇద్దరు జడ్జీల దగ్గర టేలర్ అప్పటికే చాలా ముందున్నాడు, 107-102, 108-101. నిలబడి ఉంటే చాలు. అతను కొట్లాటకి దిగాడు. చావెజ్ కుడిచెయ్యికి పడిపోయాడు, లేచాడు, రెఫరీ రిచర్డ్ స్టీల్ ఎనిమిది లెక్కపెట్టి బాగున్నావా అని అడిగాడు, టేలర్ చూపు తన కార్నర్ వైపు పోయింది, స్టీల్ చేతులు ఊపేశాడు. గడియారంలో ఇంకా రెండు సెకన్లు ఉన్నాయి.

అందరూ ఆ రెండు సెకన్ల గురించి మాట్లాడతారు. ముప్పై అయిదేళ్ళుగా మాట్లాడుతున్నారు. నాకు ఆ రెండు సెకన్లు ముఖ్యం కాదు. అప్పటికే టేలర్ ముఖంలో ఎముక విరిగి ఉంది, మింగిన నెత్తురు కడుపులో ఉంది. ఆ తరవాత ఇంకో బరువులో టైటిల్ గెలిచాడు నిజమే, కానీ ఆ టేలర్ వేరు. 2003లో హెచ్‌బీఓ ఈ పోటీ మీద చేసిన డాక్యుమెంటరీలో అతను మాట్లాడతాడు. ముప్పయ్యారేళ్ళ మనిషి మాట ముద్దముద్దగా వస్తుంటే నేను ల్యాప్‌టాప్ మూసేశాను. రింగ్ పత్రిక ఆ పోటీని 1990కి మేటి పోటీ అంది. తరవాత ఆ దశాబ్దానికే మేటి పోటీ అంది.

1993 సెప్టెంబర్ 10, శాన్ ఆంటోనియో, అలమోడోమ్. అరవై వేల మంది దాకా జనం, ఎక్కువమంది చావెజ్ కోసం వచ్చినవాళ్ళు. అప్పటికి చావెజ్ 87 పోటీలు ఆడి ఒక్కటీ ఓడలేదు. ఎదురుగా విటేకర్, ఎడంచేతి వాటం, ఒంగితే తల ఎదుటివాడి నడుం కిందకి వెళ్ళిపోయే మనిషి. అందరూ ఏమనుకున్నారంటే, పారిపోతాడు, చుట్టూ తిరుగుతాడు, చావెజ్ పట్టుకోగలడా లేదా అన్నదే ప్రశ్న అని. మొదట్లో కొంతసేపు కుడిచేతి జాబ్‌తో దూరం కొలిచాడు. పోటీ సగానికి వచ్చేసరికి విటేకర్ వెళ్ళి చావెజ్‌కి ఆనుకున్నాడు.

ఆ రౌండ్లు మీరు చూడాలి. వర్ణించబోతే అబద్ధంలా ఉంటుంది. ప్రపంచంలో దగ్గర దెబ్బలాటకి మారుపేరైనవాడి గడ్డం కింద తల పెట్టి, ఎడంచెయ్యి వాడి పొట్టలోకి పొడుస్తున్నాడు. చావెజ్ ఎడంచేతి హుక్‌కి కావలసింది అర అడుగు జాగా, లివర్ మీదకి తిరిగే ఒక్క వంపు. ఆ అర అడుగులో విటేకర్ ఛాతీ ఉంది. చావెజ్ వెనక్కి జరిగి జాగా చేసుకోబోతే వెంట జరుగుతాడు. ముందుకి తోస్తే పక్కకి తిరిగి వాణ్ణే తాళ్ళ వైపు తిప్పుతాడు. కొట్టే ప్రతి గుద్దూ భుజానికో మోచేతికో తగిలి చచ్చిపోతుంటే చావెజ్ ముఖంలో ఒక భావం వస్తుంది, కోపం కాదు, అయోమయం. సొంత ఇంట్లో లైటు స్విచ్ దొరకనివాడి ముఖం.

టేలర్ అర అడుగు బయట నిలబడితే అది మార్పిడి, నువ్వొకటి నేనొకటి. విటేకర్ ఆ అర అడుగూ తినేశాడు కాబట్టి అది కాచుకోవడం. టీవీలో రెండూ ఒకేలా కనపడతాయి, "దగ్గరగా కొట్టుకుంటున్నారు" అని. తేడా అర అడుగు. ఒకరి మాట ముద్దయిపోవడానికీ ఇంకొకరి మాట మిగలడానికీ మధ్య ఉన్నది కూడా చాలామటుకు అదే అని నా నమ్మకం.

ఫలితం తెలుసా? డ్రా. ఒక జడ్జి 115-113 విటేకర్‌కి ఇచ్చాడు, మిగతా ఇద్దరూ 115-115. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక దోచుకున్నారని ముఖచిత్రం మీదే వేసింది. టేలర్‌ని విరగ్గొట్టిన రాత్రి దశాబ్దపు మేటి పోటీ అయింది. విటేకర్ విరక్కుండా బయటపడ్డ రాత్రి, గెలిచాడని కూడా ఒప్పుకోలేకపోయారు. తీర్పుకి రాసుకున్న నాలుగు ప్రమాణాల్లో ఒకటి డిఫెన్సే: శుభ్రంగా తగిలిన దెబ్బలు, ఫలితమిచ్చే దూకుడు, రింగ్ మీద పట్టు, కాచుకోవడం. కాగితం మీద నాలుగు. కళ్ళకి ఆనేవి రెండే. 2022లో మన నిజామాబాద్ నిఖత్ జరీన్ ఇస్తాంబుల్‌లో ప్రపంచ టైటిల్ గెలిచిన మర్నాడు మా ఆఫీసులో ఒక్కసారిగా అందరూ బాక్సింగ్ నిపుణులైపోయారు. ఎన్ని కొట్టిందని నలుగురు అడిగారు. ఎన్ని తప్పించుకుందని ఒక్కరూ అడగలేదు.

ఇక్కడ ఎవరో ఒకరు టైసన్ పేరు ఎత్తుతారని తెలుసు. దగ్గరికి వెళ్ళేవాళ్ళంతా కాచుకునేవాళ్ళేనా అని. కాదు. నిజానికి టైసన్ నా వైపు సాక్షి. తల ఊపుతూ లోపలికి రావడం కస్ డమాటో నేర్పిన డిఫెన్సే, కానీ టైసన్‌కి కావలసింది ఆ అర అడుగే, పేలడానికి. 1996లో హోలీఫీల్డ్ అది తెలిసినవాడిలా పూర్తిగా ఆనుకుని, తోసి, పట్టుకుని పదకొండో రౌండులో పని ముగించాడు. "ఇన్‌ఫైటర్" అన్న ఒక్క ముద్ర కింద టైసన్‌నీ విటేకర్‌నీ కలిపి పెట్టడం, ఇద్దరూ వంటింట్లోనే ఉన్నారు కాబట్టి దొంగనీ వంటమనిషినీ ఒకటే అనడం లాంటిది.

ఆండ్రే వార్డ్ గురించి కూడా ఒక మాట. 2011 డిసెంబర్‌లో కార్ల్ ఫ్రాచ్‌తో ఆడినప్పుడు, ఫ్రాచ్ పొడుగు, దూరం నుంచి విసిరే పొడవాటి గుద్దులే అతని ఆస్తి. వార్డ్ జాబ్‌తో కూడా గెలవగలిగినవాడే. అయినా మాటిమాటికీ లోపలికి వెళ్ళి ఫ్రాచ్ చేతుల్ని మడతపెట్టేశాడు. చాలామందికి ఆ పోటీ బోరు కొట్టింది. వార్డ్ 2017లో ఒక్క ఓటమీ లేకుండా రిటైరై ఇప్పుడు టీవీలో శుభ్రంగా మాట్లాడుతుంటాడు. అది నాకు బోరు కొట్టదు.

సరే, నా వాదనకి ఉన్న చిల్లులు కూడా చెప్పాలి. మొదటిది జేమ్స్ టోనీ. జానెడు దూరంలో భుజం తిప్పి గుద్దుల్ని జార్చడంలో అంతటి కళాకారుణ్ణి నేను చూళ్ళేదు. 2003లో హోలీఫీల్డ్‌ని, అంతకంటే పెద్ద మనిషిని, ఎదురుగా నిలబడే తొమ్మిదో రౌండులో ఆపించాడు. అదే టోనీ మాట తరవాతి ఏళ్ళలో మందగించింది, ఇంటర్వ్యూలు విన్న ఎవరికైనా తెలుస్తుంది. పదుల కొద్దీ పోటీలు, తనకంటే బరువైనవాళ్ళతో, వయసైపోయాక కూడా. లోపలి చోటు ప్రమాదాన్ని తగ్గిస్తుంది, తీసెయ్యదు. తీసేసే చోటు రింగులో లేదు.

రెండోది మేవెదరే. 2014 మేలో మైదానాతో మొదటిసారి ఆడినప్పుడు తాళ్ళకి ఆనుకుని దగ్గరగా కాచుకుందామనుకున్నాడు. మైదానా 858 గుద్దులు విసిరాడు, 221 తగిలాయి. అంతకుముందు లెక్కపెట్టిన పోటీల్లో మేవెదర్‌కి ఎవరూ అన్ని తగిలించలేదు. గెలిచాడు, కష్టం మీద. సెప్టెంబర్‌లో మళ్ళీ ఆడినప్పుడు కాళ్ళు ఎక్కువ వాడాడు. అప్పటికి అతనికి ముప్పయ్యేడేళ్ళు, వెనక తాళ్ళున్నప్పుడు దగ్గరితనం తను ఎంచుకున్నది కాకుండా పోతుంది. లోపలికి తను వెళ్ళడం వేరు, లోపలికి వాణ్ణి రానివ్వడం వేరు. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తలకెక్కింది. మా కోచ్ "లోపలికి రా" అన్నాడుగానీ "వాణ్ణి రానీ" అనలేదు.

మూడోది, పట్టుకుని వేలాడే క్లించ్ బాక్సింగ్ చూడటానికి ఘోరంగా ఉంటుంది. ఒప్పుకుంటాను. దాన్ని సమర్థించను. పట్టుకోవడం లోపల పని చెయ్యడం కాదు, పనికి సెలవు పెట్టడం.

సాహిత్య పత్రికలో ఈ గుద్దుల గోల ఏమిటని అడగబోతున్నవాళ్ళకి ఒక నేరం ఒప్పుకోవాలి. ఏడేళ్ళ కిందట ఒక రచయిత్రి తొలి కథల సంపుటి మీద సమీక్ష రాశాను. అందులో ఒక కథ, తండ్రి పోయిన మూడోరోజు కూతురు ఆయన కళ్ళజోడు పట్టుకుని షాపుకి వెళ్ళి, పవర్ ఎంతో కనుక్కుని ఇంటికొస్తుంది. అంతే కథ. ఏడుపు లేదు, జ్ఞాపకాలు లేవు. నేను రాశాను: "రచయిత్రి విషయానికి దూరంగా, సేఫ్‌గా నిలబడిపోయారు. రిస్క్ తీసుకుని ఉండాల్సింది." సేఫ్ అని రాశాను. రిస్క్ అని రాశాను. సోఫా మీద రిమోట్ విసిరినవాడికీ నాకూ తేడా ఏముంది? మావాడు గుద్దులు లెక్కపెట్టాడు, నేను కన్నీళ్ళు లెక్కపెట్టాను.

నిరుడు మా నాన్న పోయారు. కర్మలన్నీ అయ్యాక ఒకరోజు ఆయన బీరువా సర్దుతుంటే ఆ కథ గుర్తొచ్చింది, పుస్తకం వెతికి చదివాను. దూరం ఎక్కడుంది అందులో? పెద్ద వాక్యం రాయడానికి కూడా జాగా లేనంత దగ్గర. ఆవిడ అర అడుగు వెనక్కి జరిగి ఉంటే అందరం ఏడ్చేవాళ్ళం, నేను మెచ్చుకునేవాణ్ణి, కథ పాడయ్యేది. మనం గుండెలు పిండేసిందని రాసే సమీక్షల్లో సగానికి సగం ఆ అర అడుగు బయట నిలబడి చేతులు విసిరే కథల గురించే. నిలకడగా, ఆనుకుని, చిన్నగా పనిచేసే కథకి డ్రా ఇచ్చి పంపించేస్తాం. నేనూ ఆ జడ్జీల్లో ఒకణ్ణి. ఆవిడకి మెయిల్ రాశాను. జవాబు రాలేదు, రావాలని ఏమీ లేదు.

విటేకర్ 2019 జులైలో వర్జీనియా బీచ్‌లో రోడ్డు దాటుతుండగా కారు తగిలి పోయాడు. యాభై అయిదేళ్ళు. ఆ వార్త చదివిన రోజు అలమోడోమ్ పోటీ మొదటిసారి పూర్తిగా, పన్నెండు రౌండ్లూ వరసగా చూశాను. అంతవరకూ ముక్కలు ముక్కలుగా చూసినదే.

గత నెల ఆ వీడియో లింకు నా పాత రూమ్మేటుకి పంపాను. పకియావ్ లెక్కలకి కోతి బొమ్మ పెట్టినవాడే. ఇప్పుడు డల్లాస్‌లో ఉంటాడు, ఇద్దరు పిల్లలు, మోకాలు నొప్పి. ఈసారి లెక్కలేవీ పంపలేదు, చూడమని మాత్రం అన్నాను. రెండు రోజుల తరవాత అర్ధరాత్రి దాటాక ఫోన్ చేశాడు. వెనకాల అరవై వేల మంది గోల వినపడుతోంది.

"ఒరేయ్, ఈ ఎడంచేతి వాడు వాడి చంకలో దూరిపోయాడేంట్రా? భయం లేదా వీడికి?"

"వీణ్ణి చూడకు. చావెజ్ ఎడంచెయ్యి చూడు."

కాసేపు మాట్లాడలేదు. గోల మాత్రం వినిపిస్తోంది. బెల్ మోగింది.

"ఆగు, ఈ రౌండ్ మళ్ళీ వేస్తా" అని పెట్టేశాడు.